చీలిక మీద రంగు

రాజన్నా,

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. ఈ అరబ్బు ఊరు ఉమ్ అల్ క్వైన్‌లో మనం మోటర్‌హోమ్‌లు కట్టిన కంపెనీని వేరేవాళ్లు కొన్నారు. పేరు అదే ఉంచి, కింద పలచని ఛాసిస్, చిన్న ఇంజను పెట్టారు. పైన మంచాలు, వంటగది, నీళ్ల ట్యాంకు బరువు మాత్రం తగ్గలేదు.

పొద్దున ఒక బండిని ఇసుకలో నడిపి చూస్తే ఛాసిస్ చీలింది. కొత్త మేనేజరు, ఆ ముదీర్, మన తెలుగువాడే. "పట్టీ వేసి రంగు కొట్టేయ్, ఖలాస్," అన్నాడు.

"దీంట్ల చిన్నపిల్లలు పండుకుంటరు సార్. నేను కొట్ట," అన్నాను.

ఇంకొకడితో కొట్టించాడు. మధ్యాహ్నం బండి కొన్నాయన భార్యాపిల్లలతో వచ్చాడు. పిల్లలు అప్పుడే బండెక్కేశారు. నేను రంగు గీకి చీలిక చూపించాను. ఆయన పిల్లల్ని దింపుకొని వెళ్లిపోయాడు. నన్ను పనిలోంచి తీసేశారు.

నువ్వైతే ఆ ముదీర్‌ను బండి కిందికి ఈడ్చుకెళ్లి చూపించేవాడివి. నా కోపం ఇంకా చల్లారలేదు, గోళ్లల్లో ఆ రంగూ పోలేదన్నా.