బీరువాలో దొరికిన మూడో ఆధారం

స్తుతీ,

పదో తరగతి పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్తున్నాను. వచ్చేసరికి ఆరవుతుంది. పప్పు వేడి చేసుకుని తిను. డాబా మీద ఆరేసిన మిరపకాయలు నాలుగింటికల్లా సంచిలోకి ఎత్తు. ఆ చేతులతో కళ్లు నలుపుకోకు. పరిశోధకులకు కళ్లు ముఖ్యం.

మా స్కూల్ లైబ్రరీ నుంచి తెచ్చిచ్చిన దయ్యాల పరిశోధన గ్రాఫిక్ నవల ఇంత పని చేస్తుందనుకోలేదు. అందులోని పిల్లల్లాగే నువ్వూ ఆధారాల నోట్‌బుక్ పెట్టావు. బల్ల మీద తెరిచి ఉంటే చదివాను. "మూడో ఆధారం: బీరువాలో అమ్మ ఆకుపచ్చ చీర మడత మారింది. అమ్మ వచ్చింది" అని రాశావు.

ఆ చీర తీసింది నేనే తల్లీ. అమ్మ పోయినప్పటి నుంచి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు ఒకసారి తీసి, మళ్లీ పెట్టేస్తున్నాను. నీకు ముందే చెప్పాల్సింది. అయినా ఇంత పరిశోధకురాలివి, ఆ మడత చూసైనా పోల్చుకోలేదా? అమ్మ చూసి ఉంటే, "మాస్టారూ, చీర మడతపెట్టారా, పత్తి మూట కట్టారా?" అనేది.

మూడో ఆధారం కొట్టెయ్. నోట్‌బుక్ చదివినందుకు సాయంత్రం కోప్పడు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఈ పరిశోధన మొదలుపెట్టావని నాకూ కొంచెం కోపమే.

నాన్న

ఇంకొకటి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి "అమ్మా, ఉన్నావా?" అని ఈ రోజు అడగాలని రాసుకున్నావు. నేను వచ్చేదాకా ఆగు. పక్కన కూర్చుంటాను. నాకూ అడగాల్సింది ఒకటుంది.