సార్ బిడ్డకు పరుగు నేర్పడం

మంగళవారం రాత్రి, మెట్టుగూడ

పోలీసు ఉద్యోగాలకు ప్రభుత్వం ఇస్తున్న ఉచిత శిక్షణలో అమ్మాయిలకు పరుగు నేర్పే డ్యూటీ నాకు వేశారు. ఈ రోజు కొత్తగా చేరింది మా ఇన్‌స్పెక్టర్ కూతురు.

నేను ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు బోనాల బందోబస్తులో పొద్దంతా నిలబెట్టిన మనిషి ఆయన. సెలవు అడిగితే, "చాతకాకుంటే రిజైన్ జెయ్యమ్మా, నీ జాగల వచ్చేటోళ్లు మస్తుమంది ఉన్నరు" అన్నాడు. నాతోపాటే కానిస్టేబుల్‌గా చేరిన సుజాత నిజంగానే మానేసింది. నేను మానలేదు.

ఇవాళ గ్రౌండ్‌కి ఆయనే వచ్చి, "మా బిడ్డ రన్నింగ్‌ల జెర వీకు, నువ్వే చూస్కోవాలె" అన్నాడు. సరే సార్ అన్నాను.

పిల్ల మొండిది. పడినా లేచి పరిగెత్తింది. "నాకు జాబ్ వస్తదా మేడం?" అని రొప్పుతూ అడిగింది.

ముందు ఫెయిలయ్యేలా చేద్దామనుకున్నాను. ఇంటికొచ్చి పాపకు అన్నం తినిపిస్తుంటే మనసు మారింది. దగ్గరుండి పాస్ చేయిస్తాను. ఉద్యోగంలో చేరుతుంది, పెళ్లవుతుంది, కడుపు పండుతుంది. అప్పుడు ఆయనలాంటి వాడి కింద, ఏదో బందోబస్తులో కాళ్లు వాచి, సెలవు ఇప్పించమని నాన్నకే ఫోన్ చేస్తుంది.

రిజైన్ చేయమంటాడేమో చూడాలి.

పిల్లను తలుచుకుంటే జాలేస్తోంది. అయినా రేపు ఇంకో రౌండ్ ఎక్కువే తీయిస్తాను.