నాలుగో నంబరు క్యాబిన్ వాకిలి

అల్ ఘర్రాఫా

జలంధరన్నకు నాలుగో నంబరు క్యాబిన్ భూమేష్ నమస్కారాలు.

ఫోన్ చేయొద్దు, ఏ ఫిర్యాదైనా రాసి గేటు దగ్గరి డబ్బాలో వేయమన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. ఏసీ నీళ్లు సరిగ్గా నా దిండు మీదే పడుతున్నాయి. మీ మనిషి గయాజ్ రోజూ వచ్చి, పైకి చూసి, తల ఊపి వెళ్తున్నాడు.

మీ కిరాయిదారు,
భూమేష్

తా.క. కింద పెట్టిన బకెట్ కూడా మీదే. అదీ కారుతోంది.

*

అల్ మన్సూరా

తమ్ముడు భూమేష్‌కు జలంధర్ ఆశీస్సులు.

ఆరు రేకుల క్యాబిన్ల రిపేర్లతో నా ప్రాణం విసిగింది. జగిత్యాలలో మా కూతురు సుహాసినికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు, బిడ్డ దగ్గర నేనుండాలి. అందుకే ఎవరి క్యాబిన్ వాళ్లకే అమ్మేద్దామనుకుంటున్నాను. స్థలం నాదే, దానికి మాత్రం కిరాయి కట్టండి. క్యాబిన్ మీది, రిపేర్లూ మీవే. ఆరుగురూ కొనాలి. ఒక్కటి మిగిలినా అది నన్ను ఈ ఎడారి దేశంలోనే కట్టేస్తుంది.

మీ మేలు కోరే,
జలంధర్

తా.క. బకెట్ ఊరికే ఇస్తాను.

*

జలంధరన్నకు నమస్తే.

ఆరుగురం కూర్చున్నాం. అడగకుండానే అమ్ముతున్నాడంటే అవి కూలేవే అయ్యుంటాయని అందరి అనుమానం. అది నేను సర్దిచెప్పాను. అసలు చిక్కు వేరే ఉంది. వాకిళ్లన్నీ దక్షిణానికి ఉన్నాయి. ఐదో నంబరు గజేందర్ ఒకటే మాటన్నాడు: "కిరాయికున్నన్ని రోజులు దోషం ఓనరుది. కొన్నంక మనదే గదా." అందుకే ఆరుగురం కొనొద్దనుకున్నాం. మన్నించండి.

భూమేష్

తా.క. మూడేళ్లుగా మీకెందుకు కలిసిరావడం లేదో ఇప్పుడు తెలిసింది.

*

భూమేష్‌కు,

నీ తా.క. చదివాక నాకు అన్నం సయించలేదు. పునాది లేని ఇల్లయ్యా అది! క్రేన్‌తో దింపిందే కదా, అదే క్రేన్‌తో తిప్పిస్తాను. దిక్కు మీరు చెప్పండి, ఖర్చు నాది. యల్లా, ఇక కానివ్వండి, సంతకాలు పెట్టండి.

జలంధర్

తా.క. అందరూ ఒకే దిక్కు చెప్పండి. ఒకడి వాకిలికి ఇంకొకడి గోడ అడ్డమొస్తే నేనిక జగిత్యాల చూడను.

*

అల్ ఘర్రాఫా

జగిత్యాలలో ఉన్న జలంధరన్నకు,

మనవరాలు పుట్టే వేళకు మీరు చేరుకున్నారని తెలిసి మా అందరి ప్రాణం కుదుటపడింది. ఇక్కడ ఆరు వాకిళ్లూ తూర్పుకు తిరిగాయి. ఆరిళ్లలోనూ పాలు పొంగించాం. నా ఏసీ కూడా బాగైంది. పైపులో దుమ్ము పేరుకుంది, పది నిమిషాల పని. కంపెనీలో పదకొండేళ్లుగా నా డ్యూటీ ఏసీ మెకానిక్కే కదా. మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదంటారా? కిరాయి ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. అలాంటిది మీ ఏసీ నేనెలా విప్పుతాను?

ఇట్లు,
భూమేష్, ఇంటి ఓనరు

తా.క. అల్ మన్సూరాలో మీ ఫ్లాట్ ఏసీ కారుతోందని గయాజ్ చెప్పాడు. ఫోన్ చేయకండి. తిరిగొచ్చాక రాసి గేటు దగ్గరి డబ్బాలో వేయండి.