ముల్లు వైపు సగం

నవంబరు 26, మంగళవారం

తెల్లవారుజామున 5.40కి ఉరిమింది. రెండుసార్లు. శీతాకాలంలో ఉరిమితే బురి చేప ఒడ్డుకొచ్చిందని ఈ ఊళ్లో లెక్క. గొడుగు తీసుకుని ఓమిచో బజారుకి వెళ్లాను. పైకప్పు మీద వడగళ్లు. కింద నేలంతా తడి. రోజూకంటే ఎక్కువ జనం.

చేపల కొట్టు ఒకితా నన్ను దూరం నుంచే చూసి, టీచరుగారొస్తున్నారు, కాటా వణికిపోతోంది చూడండర్రా అని అరిచాడు. అతని భార్య తోమికి హైస్కూల్లో వంటపాఠం చెప్పింది నేనే. మామూలేగా టీచర్, కోమత్సులో మీ అమ్మాయి అత్తారింటికేగా అంది తోమి.

ఎనిమిది కిలోలు ఉండాలి అన్నాను.

మా అమ్మాయి చిహో మే 19న చనిపోయింది. బజారులో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ్టికి ఆరు నెలల ఏడు రోజులు.

నవంబరు 27, బుధవారం

అలా ఎందుకన్నానో రాద్దామని కూర్చున్నాను. తెలియలేదు.

డిసెంబరు 1, ఆదివారం

పాత డైరీలు తీశాను. పిల్ల పుట్టింటివాళ్లు ఏడాది చివర వియ్యాలవారికి బురి పంపడం, వాళ్లు అందులో సగం కోసి వెనక్కి పంపడం చాలా ఇళ్లల్లో పెళ్లయిన మొదటి ఏడాదితోనే ఆగిపోతుంది. నేను ఆపలేదు. పదిహేడు చేపలు పంపాను. పదిహేడు సగాలు తిరిగొచ్చాయి. సగం వచ్చిందంటే చుట్టరికం ఉన్నట్టు.

చేపని రెండుగా కోస్తే ఒక సగానికి ముల్లు అంటుకుని ఉంటుంది. అది ఇంట్లో ఉంచుకుని, ముల్లు లేని సగం పుట్టింటికి పంపాలని మా అమ్మ నాకు నేర్పింది. నేను చిహోకి నేర్పాను. అది పదిహేడేళ్లూ ముల్లు వైపే పంపింది. ఏటా ఫోన్ చేసి చెప్పాను. అన్నీ రాసి ఉన్నాయి. ఫోన్, 4 నిమిషాలు. ఫోన్, 3 నిమిషాలు. ఒక ఏడాది 6. అలాగేనమ్మా అనేది. మళ్లీ ఏడాది మళ్లీ ముల్లే.

నలభై మంది ఉన్న క్లాసుకి చేప కోయడం నేర్పాను. దీనికి నేర్పలేకపోయాను.

డిసెంబరు 4, బుధవారం

చేప 8 కిలోల 200. పొడవు 83 సెంటీమీటర్లు. పెరిగేకొద్దీ పేరు మారే చేప కాబట్టి బురి తింటే పదవి పెరుగుతుందంటారు. ఒకితా తోక పట్టుకుని పైకెత్తి, ఇది తిన్నాక కూడా అల్లుడుగారికి ప్రమోషన్ రాకపోతే నన్నడగండి టీచర్ అన్నాడు. ఎదురు కొట్టు పీతలావిడ ఊరుకోలేదు. ముప్పై ఏళ్లుగా నువ్వూ తింటున్నావుగా, నీకేం వచ్చిందయ్యా ప్రమోషన్, అదే ఏప్రనూ అదే చిల్లూ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఉంటాను.

తోమి చేప డబ్బాకి శుభకార్యాలకి కట్టే ఎరుపు తెలుపు తాడు కట్టింది. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరగకుండా ఆ తాడు వెళ్లకూడదు. ముడి వేస్తున్నంతసేపూ చూస్తూ నిలబడ్డాను. స్లిప్ మీద అడ్రస్ నేనే రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

ఇంటికొచ్చి ఆరు టర్నిప్‌లు చక్రాలుగా కోసి, ఒక్కోదానికి మధ్యలో గాటు పెట్టి, ఉప్పులో వేసి పైన బరువుకి రాయి పెట్టాను. తిరిగొచ్చిన సగాన్ని ఆ గాట్లలో పెట్టి అన్నంలో ఊరవేయడం మా పద్ధతి. పదో రోజు దాకా ఆగుతాయి. ఆ తర్వాత మెత్తబడతాయి.

డిసెంబరు 5, గురువారం. సాయంత్రం 6.10

వియ్యపురాలు మసుయో ఫోన్ చేసింది. చేప అందింది వదినగారూ అంది. తాడు చూసి మా ఇంట్లో పెళ్లెవరికా అని కంగారుపడ్డాం అంది. నీచు కదా, పిల్ల ఫోటో ముందు పెట్టడానికీ లేదు, అవతల పారేయడానికీ లేదు, చదువుకున్నవారు, మీరే చెప్పండి ఏం చేయమంటారో అంది.

క్షమించమన్నాను. సగం మాట ఆవిడ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

డిసెంబరు 7, శనివారం

రాలేదు. ఏటా రెండో రోజుకల్లా వచ్చేసేది.

డిసెంబరు 9, సోమవారం

బజారుకి వెళ్లాను. కొనాల్సిందేమీ లేదు. తోమి గొట్టంతో నేల కడుగుతూ, ఈసారైనా సరిగ్గా కోసిందా టీచర్ మీ అమ్మాయి, మళ్లీ ముల్లేనా అంది.

చిహో మే నెలలో పోయింది అన్నాను.

తోమి చేతిలో గొట్టం నావైపు తిరిగింది. నీళ్లు నా బూట్ల మీద పడుతున్నాయి. చుట్టూ కొట్లవాళ్లు అరుస్తూనే ఉన్నారు. ఎర్ర తాడు నా చేత కట్టించారేంటి టీచర్ అంది. ఏడ్చింది. నేను గొట్టం పక్కకి తిప్పాను.

ఒకితా ఒక పెద్ద ముక్క కోసి కాగితంలో చుట్టాడు. టర్నిప్‌లు పెట్టేసుంటారుగా, ఇది వాడుకోండమ్మా అన్నాడు. ఎప్పుడూ టీచర్ అనేవాడు.

వద్దన్నాను. అక్కణ్ణుంచే రావాలన్నాను.

డిసెంబరు 11, బుధవారం

రాలేదు.

డిసెంబరు 13, శుక్రవారం

రాయి ఎత్తి చూశాను. రేపటి దాకా పరవాలేదు.

డిసెంబరు 14, శనివారం

మధ్యాహ్నం 2.15కి అల్లుడు తకనోబు వచ్చాడు. ఐస్ బాక్స్ మోసుకుని రైల్లో వచ్చాడు. మునిసిపల్ ఆఫీసులో నీటి బిల్లులు చూసే మనిషి. ఎడమచేతి రెండు వేళ్లకి కట్టు ఉంది.

వచ్చిన రోజే కోసి ఉప్పులో పెట్టాను అత్తయ్యా, అమ్మే పంపనివ్వలేదు అన్నాడు. పిల్లే లేనప్పుడు సగాలేమిట్రా, ఇంతటితో సరి అందట. తీసుకురావడానికి తొమ్మిది రోజులు పట్టింది అన్నాడు. ఇంట్లో ఎవరం మాట్లాడుకోవట్లేదు అని కూడా అన్నాడు.

విప్పాను. కోసినట్టు లేదు, పీకినట్టు ఉంది. 3 కిలోల 900. ముల్లు వైపు.

ముల్లు లేనిది పంపాలని చిహో నీకెప్పుడూ చెప్పలేదా అన్నాను.

తెలుసు అత్తయ్యా అన్నాడు. తనకీ తెలుసు. సరిగ్గా పంపితే మా అమ్మ ఫోన్ చెయ్యదు అనేది.

టీ పోశాను. తాగాడు. 4.52 రైలుకి వెళ్లాడు.

ముల్లు తీసి, చేప పలచగా కోసి గాట్లలో పెట్టాను. ఇరవై నాలుగు ముక్కలు.

డిసెంబరు 15, ఆదివారం. ఉదయం 9.00

కోమత్సుకి ఫోన్ చేశాను. ముల్లు వైపు పంపకూడదని చెప్పాను. అలాగే అత్తయ్యా అన్నాడు.

ఫోన్, 11 నిమిషాలు.