ఒంటిగంట మెసేజ్

ఏవండీ,

మజ్జిగచారు ఫ్రిజ్‌లో ఉంది. మాత్రలు టీవీ పక్కన పెట్టాను. కుట్లు విప్పేశారు కదా, నేను మైలవరం అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. మీ తమ్ముడు విఠల్ తోడుంటాడు.

ఆ రోజు ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుంటే, ఎప్పటిలాగే ఒంటిగంటకి మీ మెసేజ్ వచ్చింది, "తిన్నావా హైమా?" అని. మీకు మెలకువ వచ్చిందనుకుని నర్సు దగ్గరికి పరిగెత్తాను. మీ ఫోనేమో నా సంచిలోనే ఉంది.

ఇంటికొచ్చాక విఠల్ మీ కంప్యూటర్ తెరిచి చూపించాడు. "ఇదిగో వదినా, ఆఫీసు ఫైళ్ళ బ్యాకప్ కింద లైను. ఒకసారి రాసి పెడితే రోజూ ఒంటిగంటకి కంప్యూటరే ఆ మెసేజ్ పంపేస్తుంది."

పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మాత్రం ప్రతిసారీ చేత్తోనే కొట్టానండీ, "తిన్నాను, మీరు?" అని.

హైమ

విఠల్ ఆ లైను తీసేస్తానన్నాడు. ఉండనీ అన్నాను. అదైనా అడుగుతుంది.