ఎరుపు తెలుపు దిమ్మలు

నాన్నగారూ, ఇక్కడ మేమిద్దరం కులాసా, నా దగ్గు తగ్గింది.

పిల్లల మనసు గురించి ఆయన చేస్తున్న పైచదువులో ఇప్పుడు తెలివిని పరీక్షించడం నేర్పుతున్నారు. నిన్న సాధన కోసం నన్నే కూర్చోబెట్టి, ఎరుపు తెలుపు చెక్క దిమ్మలిచ్చి, తొమ్మిది బొమ్మలు ఒక్కొక్కటే చూపించి, అలాగే పేర్చమన్నారు. తొమ్మిదీ పేర్చేశాను.

"సరిగ్గా వచ్చాయా అండీ?"

"పరీక్ష పెట్టేవాడు చెప్పకూడదు" అని మొహం బిగించారు.

"కట్టుకున్నదానికి కూడానా?"

నవ్వు ఆగలేదాయనకి. "మొన్న క్లాసులో నాకు ఏడే వచ్చాయి. ఎవరితోనూ అనకు" అన్నారు. మీరూ అనకండి.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. ఐదో తరగతిలో నన్ను బడి మాన్పించింది చదువు రాకనా, తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్లు లేకనా? కోపంతో కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఎదురుగా ఉంటే అడగలేకపోయేదాన్ని.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? తమ్ముడు వేళకి తింటున్నాడా?

ఇనప్పెట్టెలో నా బడి సర్టిఫికెట్ ఉంటే పంపండి. ఇక్కడ పెద్దవాళ్లకి సాయంత్రం బడి ఉంది. మీ జవాబు ఏదైనా సరే, నా పేరు ఇచ్చేశాను. ఆశీర్వదించండి.

మీ పెద్దమ్మాయి