పారబోసిన రెండు గొట్టాలు

జన్యు పరీక్షల ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాసుకుంటున్న వీలునామా ఇది. బుర్ర నిక్షేపంగా ఉంది. గుండె సంగతే వేరు. దీన్ని అమలు చేసే బాధ్యత ల్యాబ్‌లో నా పక్క బల్ల మనిషికి అప్పగిస్తున్నాను. అందరూ ఆయన్ను నత్త అంటారు గానీ, పనిలో తప్పు చేయగా నేను చూడలేదు.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, సామానుతో సహా, పోయిన మా అన్నయ్య కూతురికి సర్వహక్కులతో చెందాలి. వంటింటి కిటికీ సరిగా పడదు, అట్టముక్క పెట్టుకోవాలి.

2. నా కుట్టు మిషను వదినకు. ఒకప్పుడు అడిగితే, సూదులు విరగ్గొడతావని ఇవ్వలేదు. నిజానికి విరగ్గొట్టేది నేనే.

3. అన్నయ్య యాభై ఆరేళ్లకే మెట్ల మీద కుప్పకూలి పోయిన రోజున, పదిమందిలో వదినను పట్టుకుని "నీ నూనె వంటలతో మా అన్నయ్యను పొట్టన పెట్టుకున్నావు" అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆవిడ నా గడప తొక్కలేదు, పిల్లనూ తొక్కనివ్వలేదు.

మా ల్యాబ్‌లో రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి. కొరత వస్తే మేమే సూదికి చేతులు చాచేవాళ్లం. ఒకసారి అన్నయ్యనూ లాక్కెళ్లాను. చొక్కా చెయ్యి మడిచి, "తియ్యవే, అంతా మీ వదిన చేతి తిండి, మేలురకం సరుకు" అని నవ్వాడు. తీరా చూస్తే నా గొట్టంలోనూ, అన్నయ్య గొట్టంలోనూ గుండె జన్యువులో ఒకే తేడా. ఆరోగ్యవంతులం కదా, నా చెయ్యే ఎక్కడో తప్పిందనుకుని రెండూ పారబోశాను. అది అన్నయ్య పోవడానికి ఆరేళ్ల ముందు. నిరుడు నాకు ఆయాసం మొదలై పరీక్ష చేయించుకుంటే, అదే తేడా మళ్లీ బయటపడింది.

వదినా, గుండె కండరంలో ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని లాగుతాయి, వదులుతాయి. ఆ లాగుడును అదుపులో ఉంచే ప్రొటీన్ ఒకటి, మా ఇంటి జన్యువులో లోపం వల్ల, చాలినంత తయారు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ గుండె గోడ మందమవుతుంది. ఒక్కోసారి లయ తప్పి ఆగిపోతుంది. ఇందులో నీ వంట తప్పేమీ లేదు. తెలుసుకోగలిగి కూడా పారబోసింది నేను. నన్ను క్షమించు.

4. పిల్లకు ఇది వచ్చి ఉండే అవకాశం సగం. ముందే తెలిస్తే మందులున్నాయి, జాగ్రత్తలున్నాయి. నా రిపోర్టు పిల్లకు ఇస్తున్నాను. నా ఆస్తి మొత్తంలో విలువైనది అదే.

5. వీలునామాలు మనిషి పోయాక తెరుస్తారు. ఇది మాత్రం ఈ రోజే నత్త వదిన చేతికి ఇవ్వాలి. ఈ ఒక్కసారికి పరుగెత్తాలి. గురువారం ఉదయం పదింటికి పెద్దాసుపత్రిలో పిల్లకు గుండె స్కాన్ రాయించాను. నేను కనబడితే ఇబ్బంది అంటే రాను. పిల్లను మాత్రం తీసుకురా వదినా.

జూన్ 14, సోమవారం.
(సంతకం) మేనత్త
సాక్షులు: పక్క బల్ల నత్త; కింది వాటా కాంపౌండరు.

అడుగున, వదిన చేతిరాతలో:
ముట్టింది. గురువారం పదింటికి వస్తాం. నువ్వు వరండాలోనే ఉండు. మిషను నువ్వు పోయాక నాకెందుకు, ఇప్పుడే ఇచ్చెయ్యి. సూదులు నేను తెచ్చుకుంటాను.